మా నాయన పోయిన శకం

హిందూపురంలో నేను పనిచేసే షాపులో రెండు రకాల పనులు జరుగుతాయి. ముందు గదిలో పుట్టినరోజు ఫ్లెక్సులు, వెనక రేకుల షెడ్డులో సమాధి రాళ్ళు. కంప్యూటర్ మాత్రం ఒకటే. ఫాంటు కూడా ఒకటే. పొద్దున ఒక లీడరుకు 'నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి' అని కొట్టిన చేత్తోనే మధ్యాహ్నం ఇంకొకాయనకు 'స్వర్గస్థులైనారు' అని కొడతాను. ఇంతవరకు రెండూ తారుమారు కాలేదు. కాలేదనే అనుకుంటున్నాను. ఎవరూ వచ్చి అడగలేదు.

మా నాయన రాయి కూడా నేనే కొట్టాను. కొట్టడమంటే ఉలితో కాదు. కంప్యూటర్లో అక్షరాలు పేర్చితే మిషను వాటిని స్టిక్కరు మీద కోస్తుంది. దాన్ని నల్లరాయికి అంటించి ఇసుక కలిపిన గాలి కొడితే అక్షరాలున్న చోట గుంట పడుతుంది. ఆ గుంటలో బంగారు రంగు పూస్తాం. అంతే. నాయన పేరు టైపు చేసేటప్పుడు ఏమనిపించిందని ఒక స్నేహితుడు చాలా మెల్లగా అడిగాడు. పేరు పొడుగైందనిపించింది. రెండు లైన్లకు పోతే బాగుండదని సైజు తగ్గించాను. ఇంకేమన్నా అనిపిస్తుందేమోనని కాసేపు స్క్రీను చూస్తూ కూర్చున్న మాట నిజమే. ఈలోపు కరెంటు పోయింది.

నాయన పెనుకొండ చుట్టుపక్కల బళ్ళలో సోషల్ అయివారు. ఉద్యోగమంతా బోర్డు మీద 'క్రీ.శ.' అని రాసి రాసి, అది లేకుండా ఒక సంవత్సరం రాయడం ఆయన చేతికి వచ్చేది కాదు. ఇంటి ముందర నీళ్ళతొట్టి కట్టినప్పుడు సిమెంటు ఆరకముందే పుల్లతో 'క్రీ.శ.' అని గీసి పక్కన యేడు వేశాడు. దానికి పెనుకొండ కోట శాసనాలకు ఉన్నంత గాంభీర్యం ఉండేది. నీళ్ళు మాత్రం కారేవి. స్టీలు సామాన్ల అంగట్లో బిందె కొంటే అందరూ ఇంటిపేరు కొట్టిస్తారు, ఆయన దాని కింద క్రీ.శ. కూడా కొట్టించేవాడు. "అయివారూ, క్రీస్తు పూర్వం బిందెలు మా అంగట్లో లేవులే, భయపడొద్దు" అన్నాడంట అంగడాయన. నాయన నవ్వకుండా అక్షరాలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకున్నాడు.

నొసట విభూతి, శనివారం ఒక్కపొద్దు. అటువంటి మనిషి రోజూ క్రీస్తు పేరు మొదటి అక్షరం రాస్తున్నానని ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. రూపాయి ముందు 'రూ.' లాగ, సంవత్సరం ముందు 'క్రీ.శ.', అంతే. రిటైరయ్యే ముందు ఏదో కొత్త పుస్తకంలో 'సా.శ.' అని కనపడింది. సామాన్య శకం. ఆ రోజు ఇంటికి వచ్చి, వంటింట్లో ఉన్న అమ్మ వైపు చూపించి నాతో అన్నాడు.

"లెక్క ఆయన పుట్టినకాడి నుంచే అంట. పేరు మాత్రం చెప్పగూడదంట. మీ అమ్మ నా పేరు చెప్పకుండా కాపురం చేసినట్టుండాది."

"నేనేం చేస్తినప్పా మధ్యలో?" అంది అమ్మ, లోపలి నుంచి.

కాబట్టి రాయి మీద జననం ముందర ఒక క్రీ.శ., మరణం ముందర ఒక క్రీ.శ. పెట్టాను. ఆలోచించి పెట్టింది కాదు. నాయన సంవత్సరం అట్లాగే ఉంటుంది, అందుకని పెట్టాను. రాయికి ఎక్కించకముందే స్క్రీను ఫోటో తీసి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో వేశాను. దండం పెట్టే బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకాయన పొరపాటున కేకు బొమ్మ పెట్టి తీసేశాడు. సాయంత్రానికి చిన్నాయన ఫోను చేశాడు.

చిన్నాయన అంటే నాయన తమ్ముడు. ఆయన గురించి ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మా వైపు మనిషి పోతే సొంత చేన్లోనే మట్టి చేస్తారు. మా పెద్దవాళ్ళంతా ఒక మూల వరసగా ఉన్నారు. అన్నదమ్ములు చేను పంచుకున్నప్పుడు ఆ మూల చిన్నాయన భాగంలోకి పోయింది. అంటే నాయన ఇప్పుడు చిన్నాయన చేన్లో పడుకొని ఉన్నాడు. సంవత్సరీకం నాటికి తలదగ్గర రాయి పడాలి. ఆ పొద్దు మొగా ఆడా అందరూ చేనికి పోయి పూలు పెట్టి రావాలి. చేను ఎవరిదో వాళ్ళ మాట చెల్లుతుంది.

"ఏమప్పా, నువ్వు పంపించింది చూసినా. రాయి బాగుండాది."

"సరే చిన్నాయనా."

"అయితే మన చేన్లోకి క్రీస్తు యాంటికి వచ్చినాడు?"

"ఎవురు?"

"అదేప్పా, రెండు తావుల పెట్టినావు కదా. మా అన్న బాప్తీస్మం ఎప్పుడు తీసుకున్యాడు? నాకు ఒక మాట గూడ చెప్పకపోయనే!"

నాయన ఎప్పుడూ అట్లే రాసేవాడని చెప్పాను. తొట్టి చూడమన్నాను. ఆ తొట్టిలో ఆయన గొర్రెలే నీళ్ళు తాగుతాయి.

"తొట్టి వేరే, సమాధి వేరే. గొర్రెలకు చదువు రాదు. ఇది మీ అక్క చెప్పి రాయించింది, నాకు తెలుసులే."

మా అక్క ధర్మవరంలో ఉంటుంది. బావ మగ్గం నేస్తాడు. వాళ్ళది చర్చికి పోయే కుటుంబం. అక్క పెండ్లి చర్చిలోనే జరిగింది. నాయన వచ్చి చివరి బెంచీలో కూర్చుని, పాస్టరు చెప్పిన తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో వింటూ ఉండిపోయాడు. చిన్నాయన రాలేదు. ఆ పిల్ల ఇంక నా చేన్లో అడుగు పెట్టగూడదు అన్నాడు. ఆ మాటతో ఎవరికీ పని పడలేదు, ధర్మవరం నుంచి మా చేనికి పనిగట్టుకొని ఎవరు వస్తారు! నాయన పోయినప్పుడు అక్క ఇంటికి వచ్చింది, ఏడ్చింది. మట్టి దగ్గరికి మా వైపు ఆడవాళ్ళు ఎట్లాగూ పోరు కాబట్టి అప్పుడూ గొడవ రాలేదు. ఇప్పుడు సంవత్సరీకం. ఇప్పుడు పోవాలి. అక్క నాయనను పెట్టిన చోటు ఇంతవరకు చూడలేదు.

ఫోను పెట్టేసి అక్కకు చేశాను.

"తీసేయ్ రా. ఆ రెండక్షరాలు తీసేయ్. నా మీదికి వస్తాది," అంది వెంటనే.

"నాయన రాసేది కదా."

"నాయన రాసినా ఎవురూ ఏమీ అనరు. నేను రాసినానంటేనే కదా. నాకు ఆడికి రావల్ల రా."

సా.శ. పెడదామా అన్నాను. నేను కనిపెట్టినట్టే చెప్పాను.

"అంకె మారతాదా?"

"లేదు."

"మరేం మారతాది?"

"బోర్డు. హోటలు అదే, వంటాయన అదే."

"ఇడ్లీ గూడ అదేనా?"

"అదే."

"పోరా," అంది. కానీ కొంచెం నవ్వింది.

చిన్నాయనకు కూడా సామాన్య శకం గురించి చెప్పి చూశాను. ఎవరి శకం అన్నాడు. అందరిదీ అన్నాను. "అందరిదీ అంటే బస్టాండా? మా అన్నను బస్టాండులో పెట్టమంటాండావా?" అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ప్రొఫెసరు ఎక్కడన్నా ఉంటే ఆయనను మా చిన్నాయనతో మాట్లాడించాలని ఉంది, దూరంగా కూర్చుని వినడానికి.

ఆ ఆదివారం ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కొండ కనపడింది. నాయన పిల్లలను ఏటా ఆ కొండ ఎక్కించి రాజుల సంవత్సరాలు చెప్పించేవాడు. నేను కూడా ఎక్కాను. ఇప్పుడు ఏదో ఒకటి గుర్తొచ్చి గొంతు పట్టుకోవాలని నాకు తెలుసు. సమోసాలు వచ్చాయి, తిన్నాను. బాగలేవు.

అక్క వాళ్ళింట్లో ఆదివారం కాబట్టి మగ్గం ఊరుకుని ఉంది. అప్పుడే చర్చి నుంచి వచ్చారు. అక్క వాళ్ళ అత్త నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"వందనాలప్పా. అంతా ఇన్యాం. మీ నాయన రాయి మీద ప్రభువు పేరు పెడతాండారంట కదా!"

"అది ప్రభువు పేరు కాదత్తా, సంవత్సరం."

"సంవత్సరాలన్నీ ఆయనవే కదప్పా. కడసారిగా ఒప్పుకున్యాడు మీ నాయన. పొద్దున సంఘంలో సాక్ష్యం గూడ చెప్తి. పాస్టరు గారు నిలబడి ప్రార్థన చేసినారు. అందరూ స్తోత్రం అన్యారు."

అక్క గిన్నె కింద పెట్టి గోడ వైపు తిరిగింది. నేను ప్లేటు వైపు చూశాను. పెనుకొండ పక్కన ఒక రిటైర్డు సోషల్ అయివారు, పోయి సంవత్సరం కావస్తుండగా, ఇటు చిన్నాయన చేన్లో మతం మారాడు, అటు ధర్మవరం సంఘంలో రక్షణ పొందాడు. రెండు చోట్లా సాక్ష్యం ఒకటే, వాట్సాప్ ఫోటో. ఆయనేమో బిందెల మీద కూడా అదే రాసిన మనిషి. అటువంటి బిందె ఒకటి ఈ ఇంటి వంటగదిలోనే ఉంది, పెండ్లికి ఇచ్చింది. బిందెకు ఎవరూ స్తోత్రం చెప్పలేదు.

అత్త చెడ్డదేమీ కాదు. కూర ఇంకో గరిటె వేసింది. "మీ చిన్నాయన గూడ మారతాడులే" అని ధైర్యం చెప్పింది.

రైలు దాకా అక్క నాతో నడిచి వచ్చింది.

"ఇంట్లో ఆమె ఆ శకం ఉండాలంటాది. ఊర్లో ఆయన ఉండగూడదంటాడు. నాకు ఏ శకమూ వద్దు రా. ఆడ నాయన కాడ నిలబడేదానికి ఇంత తావు ఇస్తే సాలు."

ఇటువంటి మాటకు తమ్ముడు అనేవాడు ఏదన్నా అనాలి. "ప్లాట్‌ఫారం మీద తావుంది, జరుగు, బండి వస్తోంది" అన్నాను. వీపు మీద ఒకటి వేసింది.

తరువాతి వారం కొలతలు చూసుకోవడానికి ఊరికి పోయాను. చిన్నాయన ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అమ్మ కూడా వచ్చి మెట్టు మీద కూర్చుంది. చిన్నాయన తన పంతులు చెప్పింది నాకు ఒప్పజెప్పాడు. శాలివాహన శకం, క్రోధి నామ సంవత్సరం, మాఘ బహుళ దశమి. నాయనకు కోపం వచ్చిన రోజు మేమెవ్వరం చూడలేదు. పోవడం మాత్రం క్రోధిలో పోయాడు. ఏం చేస్తాం.

అమ్మ ఉన్నట్టుండి మరిదిని చూడకుండా, ఎదురుగా మా ఇంటి ముందరి తొట్టిని చూస్తూ అంది.

"రాయి మీద ఏమన్నా కొట్టుకోండప్పా. నాకు చదవను రాదు. నా బిడ్డ రావల్ల, అంతే."

చిన్నాయన తువ్వాలు భుజం మార్చాడు. గొర్రెను అదిలించాడు. అక్కడ గొర్రె లేదు.

"నేను వద్దన్యానా వదినా? ఆ క్రీస్తు మాటే వద్దన్యా. పంతులు చెప్పినట్టు శాలివాహన శకం పడితే, ఆ పిల్ల వచ్చి నిలబడి పోయినా నేను ఏమీ అనను."

"అడుగు పెట్టగూడదు అంటివి కదా," అన్నాను.

"అంటి. అప్పుడు మా అన్న ఉన్యాడు."

ఇందులో లాజిక్ ఏముందో నాకు తెలియలేదు. అమ్మకు తెలిసినట్టుంది, లేచి లోపలికి పోయింది. బేరం కుదిరింది. అక్షరాలు ఆయనవి, అక్క మాది.

అయితే ఒక చిక్కు మిగిలింది. శాలివాహన శకమంటే మామూలు సంవత్సరంలో నుంచి డెబ్బై ఎనిమిది తీసేయాలి, ఉగాదికి ముందయితే డెబ్బై తొమ్మిది. పోయిన యేడుకు తీసేశాం. మరి పుట్టిన యేడు?

"చిన్నాయనా, పైన గూడ శాలివాహన శకం పెట్టల్ల కదా. లేకుంటే లెక్క తప్పుతాది."

"పుట్టిన తిథి ఎవురికి తెలుసప్పా? అది బడి తేదీ."

అది నిజమే. నాయనను బళ్ళో చేర్పించినప్పుడు అయివారు వేసిన తేదీ అది, జూలై ఒకటి. మా ఊర్లో ఆ తరంలో బడికి పోయిన వాళ్ళంతా జూలై ఒకటినే పుట్టారు. బడికి పోని వాళ్ళు మాత్రమే వేరే వేరే రోజుల్లో పుట్టారు.

"తేదీ వద్దులే, యేడుకన్నా డెబ్బై ఎనిమిది తీసేద్దాం."

"గవర్నమెంటు ఇచ్చిన దాంట్లో నువ్వెట్ల తీసేస్తావు? పుట్టింది గవర్నమెంటు లెక్క. పోయింది దేవుని లెక్క. పుట్టినదానికి మనం ఏమన్నా చేస్తామా? పోయినదానికే కదా ఏటేటా పెట్టుకోవల్ల. పుట్టిన తేదీ బళ్ళో అడుగుతారు, పోయిన తిథి పంతులు అడుగుతాడు. ఎవురి లెక్క వాళ్ళకు."

"అట్లయితే నాయన పుట్టకముందే పోయినట్టు అయితాది చిన్నాయనా. దేశానికి స్వాతంత్ర్యం రాకముందు పోయినట్టు."

"చూసేవాళ్ళకు తెలియదా ఏంది, మొన్నటిదాకా బళ్ళో పాఠం చెప్పినాడు కదా!"

నేను ఇంక వాదించలేదు. వాదిస్తే పంతులు దగ్గరికి పోతాం. పంతులు ఇంకో మాట చెబుతాడు. బేరం మళ్ళీ మొదటికి వస్తుంది. పైన ఉత్త తేదీ, కింద శాలివాహన శకం. హిందూపురం వచ్చి ఫైలు తెరిచి రెండు క్రీ.శ.లు తీసేశాను. చెరపడానికి ఒకసారి నొక్కితే సరిపోతుంది. చెయ్యి అదే పని చేసుకుంటూ పోయింది. కొత్త లైను పొడుగైంది. నాయన పేరు సైజు ఇంకొంచెం తగ్గించాను.

రాయికి రంగు పూశాక షాపు ఓనరు వచ్చి చూశాడు. ఆయనది మడకశిర వైపు. తెలుగులో మొదలుపెట్టి కోపం వస్తే కన్నడంలో పూర్తి చేస్తాడు.

"ఏమప్పా ఇది? ఈయన పుట్టకముందే సచ్చినాడే!"

"అవును సార్."

"జనం చూసి మన షాపును నవ్వుతారు. దుడ్లు తీసుకొని తప్పు కొట్టి ఇచ్చినారంటారు. కస్టమరు చూసినాడా?"

"చూసినాడు సార్. ఓకే అన్నాడు."

"ఎవురా కస్టమరు?"

"నేనే."

ఆయన నన్ను చూశాడు, రాయిని చూశాడు. కన్నడంలో ఏదో మొదలుపెట్టి వదిలేశాడు. ఆటోకు ఎక్కించేటప్పుడు మాత్రం తనే వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు.

సంవత్సరీకం పొద్దు అక్క మొదటి బస్సుకే వచ్చింది. అత్తకు ఏం చెప్పిందో నేను అడగలేదు. మొగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక, అందరం గట్టు మీద వరసగా నడిచాం. చిన్నాయన చేను మొదట్లో అక్క ఆగింది. చిన్నాయన ముందుకు పోతూనే, వెనక్కి చూడకుండా, అందరికీ చెప్పినట్టు అన్నాడు. "ముండ్లుండాయి, చూసి అడుగు పెట్టండి."

అక్క అడుగు పెట్టింది.

పంతులు చెప్పినవన్నీ చేశాను. నీళ్ళు వదలమన్నప్పుడు వదిలాను, దండం పెట్టమన్నప్పుడు పెట్టాను. అక్క కొంచెం దూరంగా, గట్టుకు ఆనుకుని నిలబడి రాయినే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందని అందరూ అనుకున్నారు. చిన్నాయన కూడా అట్లే అనుకున్నట్టున్నాడు, చూపు పక్కకు తిప్పుకున్నాడు. నేను మాత్రం గుర్తుపట్టాను. తీసివేత చేస్తోంది. సోషల్ అయివారి కూతురు.

లెక్క తేలినట్టుంది. నన్ను చూసింది. నేను నేలను చూశాను. తరువాత ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు ఊగసాగాయి. అమ్మ పోయి వీపు నిమిరింది. "ఏడ్వద్దమ్మా" అంది పక్కనున్న ఒకామె. అక్క ఇంకా ఎక్కువ ఊగింది. కొంగు తీసేటప్పటికి మొహమంతా తడిసి ఉంది. మొదలైంది నవ్వే. ఎక్కడ మారిందో నాకు తెలియదు, ఆమెకు కూడా తెలిసి ఉండదు.

నాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. 'మాఘ'కూ 'బహుళ'కూ మధ్య సందు కొంచెం ఎక్కువైంది. అది కనపడుతూ ఉండింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క చెప్పులేసుకుని బయలుదేరింది. చిన్నాయన తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. పొద్దుటి నుంచి ఇద్దరూ మాట్లాడుకోలేదు. అక్క అక్కడే ఆగి, నన్ను అడిగినట్టు గట్టిగా అడిగింది.

"వచ్చే యేడు గూడ రావచ్చా రా?"

నేను నోరు తెరిచేలోపు చిన్నాయన కాళ్ళ మీద ఇంకో చెంబు పోసుకుని అన్నాడు. "తిథి చూసుకొని రమ్మను. ఇంగ్లీషు తేదీకి వస్తే ఆ పొద్దు ఈడ ఎవురూ ఉండరు."

"మా ఇంట్లో ఉండేది చర్చి క్యాలెండరు చిన్నాయనా. దాంట్లో తిథులు ఉండవు." ఈసారి ఆయనకే చెప్పింది.

చిన్నాయన చెంబు తొట్టి గట్టు మీద పెట్టాడు.

"అయితే నేనే ఫోను చేస్తాలే," అన్నాడు. "నెంబరు ఇచ్చిపో."